వెనక తలుపు మీద చెయ్యి

మరకల మేస్త్రికి లోకంలో శత్రువులు రెండే: పక్షి రెట్ట, ఎండ క్రీము. రెట్టతో అతనికి పెద్ద పేచీ లేదు. అది మొరటు శత్రువు, ఎదురుగా వచ్చి కూర్చుంటుంది, తడిగుడ్డ వేసి నానబెడితే లేచిపోతుంది. ఎండ క్రీము అలా కాదు. ఎండ తగలకుండా దాన్ని ఒంటికి రాసుకున్న మనిషి కారు మీద చెయ్యి ఆనించి రెండు మాటలు మాట్లాడి తన దారిన పోతాడు. అప్పటికేమీ కనిపించదు. బండి నాలుగు గంటలు ఎండలో నిలబడ్డాక, పాలు తాగి తుడుచుకోని మూతిలా, ఐదు వేళ్లూ తెల్లగా తేలతాయి. కారు రంగు మీద గాజులాంటి పొర ఒకటి ఉంటుంది, క్లియర్ కోటు అంటారు. క్రీములోని జిడ్డు ఆ పొరను మెత్తబరిచి లోపలికి దిగి తిష్ట వేస్తుంది. ఇక సబ్బు కాదు కదా, సబ్బు చేసినవాడు వచ్చినా అది కదలదు.

దాన్ని కదిలించడమే మేస్త్రి విద్య. ముందు బండిని నీడలోకి తోయించేవాడు. రేకు చల్లబడేదాకా ఎవరెంత తొందరపెట్టినా చెయ్యి వేసేవాడు కాదు. సబ్బునీళ్లతో కడిగి, స్పిరిట్ తడిపిన మెత్తటి గుడ్డతో ఒకే వైపుకి, గీతలు గీసినట్టు తుడిచేవాడు. గుండ్రంగా రుద్దేవాళ్లను చూస్తే అతనికి ఒళ్లు మండిపోయేది. అప్పటికీ పోకపోతే వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డను మరక మీద కప్పి ఓపిగ్గా కూర్చునేవాడు. అదీ కాకపోతే పాలిష్ పేస్టు, ఆఖరికి మిషను. మిషను పెట్టడమంటే పొరను కొంచెం కొంచెంగా అరగదీయడమే. ఉన్నదే వెంట్రుకవాసి మందం. ఎక్కడ ఆపాలో కొలిచి చెప్పే యంత్రాలున్నాయి గానీ అతను పనిచేసే కార్ల షెడ్డు ఓనరు అలాంటివి కొనే రకం కాదు. మేస్త్రి మిషను ఎత్తి, రేకుకి చేతి వెనకవైపు ఆనించి, వేడిని బట్టి చెప్పేవాడు. ఇరవై ఆరేళ్లలో ఆ చెయ్యి ఒక్కసారీ తప్పు చెప్పలేదు. ఆ సంగతి అడిగినవాళ్లకీ చెప్పేవాడు, అడగనివాళ్లకీ చెప్పేవాడు.

ఇప్పుడు అతని భార్య గురించి చెప్పాలి. షెడ్డులో అందరూ ఆమెను సీట్లక్క అనేవాళ్లు. కార్ల సీట్లకు కవర్లు కుట్టేది. ఆరేళ్ల కిందట ఆమెకు ముఖం నిండా ఎర్రటి దద్దుర్లు వచ్చాయి, కీళ్లు పట్టేశాయి, జుట్టు గుప్పెళ్లతో రాలింది. డాక్టరు లూపస్ అన్నాడు. మన ఒంటికి కాపలా కాయాల్సిన బలగమే మన మీద తిరగబడే జబ్బన్నాడు. మందులు ఇచ్చి, మందులకన్నా ముఖ్యమైన మాట ఒకటి చెప్పాడు. ఎండ మీకు విషం. పొద్దున లేవగానే ముఖానికి, మెడకు, చెవులకు, చేతులకు ఎండ క్రీము రాయాలి, రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి, మబ్బు పట్టినా రాయాలి. అది మానిన రోజున జబ్బు చర్మంతో ఊరుకోదు, లోపలికి పోతుంది, కిడ్నీల దాకా పోతుంది.

అదండీ సంగతి. బయట ఏ క్రీమును చూస్తే మేస్త్రి పళ్లు నూరేవాడో ఇంట్లో ఆ క్రీమే అతని భార్య ప్రాణం. అతను కూడా ఇంట్లో దాన్ని శత్రువులా చూడలేదు. పొద్దున్నే ఆమె మెడ వెనక చెయ్యి అందని చోట తనే రాసేవాడు. రాశాక మాత్రం సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కుని షెడ్డుకి పోయేవాడు.

ఐదేళ్లు బాగానే గడిచింది. ఆమె ఇంట్లో కిటికీకి దూరంగా మిషను వేసుకుని కుట్టేది, కుట్టిన కవర్లు మేస్త్రి మోసుకెళ్లేవాడు. కిందటేడు ఓనరు, కొలతలు తేడా వస్తున్నాయి, నువ్వే వచ్చి తొడిగి చూసుకో అన్నాడు. ఆమె సంతోషంగా ఒప్పుకుంది. సంతోషం ఎందుకంటే మధ్యాహ్నం షెడ్డు వెనక గదిలో ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని భోంచేయొచ్చు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో మధ్యాహ్నం మొగుడి ముఖం చూసింది ఆదివారాలే. పొడుగు చేతుల చొక్కా, పెద్ద అంచుల టోపీ, ఒంటి నిండా క్రీముతో వారానికి నాలుగు రోజులు రావడం మొదలుపెట్టింది.

కవరు తొడగాలంటే వెనక తలుపు తెరిచి, ఒక మోకాలు సీటు మీద ఆనించి, ఎడం చేత్తో తలుపును బయటివైపు నుంచి పట్టుకుని, కుడిచేత్తో కవరు అంచును సీటు సందులోకి దోపాలి. అలా దోపే ప్రతిసారీ ఎడం చెయ్యి మొత్తం తలుపు మీద అచ్చు పడేది. మీకు ముందే చెప్పేశాను, దాచి ఉంచి మిమ్మల్ని ఆటపట్టించడం నాకిష్టం లేదు. తెలియనిది ఆ మొగుడూ పెళ్లాలకే.

పళ్ల డాక్టరుగారి ముదురు నీలం కారుతో గొడవ మొదలైంది. కొత్త కవర్లు తొడిగించుకుని వెళ్లిన మూడో రోజున వెనక ఎడం తలుపు మీద మరకతో తిరిగొచ్చింది. మేస్త్రి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చుని తీసేశాడు. బండి ఎలాగూ వచ్చింది కదా, వెనక కవరు కాస్త వదులుగా ఉందన్నారు డాక్టరుగారు. సీట్లక్క వచ్చి బిగించింది. వారానికి మళ్లీ అదే తలుపు మీద, అదే చోట మరక. మేస్త్రి మళ్లీ తీశాడు, ఈసారి మిషను పెట్టాల్సి వచ్చింది. తల ఆనించే దిండ్లకి కూడా కవర్లు కావాలన్నారు. సీట్లక్క మళ్లీ వచ్చింది. ఇతను తుడవడం, ఆమె అద్దడం. ఎవరి పని వాళ్లు శ్రద్ధగా చేశారు.

మూడోసారి బండి వచ్చినప్పుడు మేస్త్రి ఆ మరకను దీపం పెట్టి చూశాడు. "ఆడమనిషి చెయ్యి" అని తేల్చాడు. "వేళ్లు సన్నం. ఎడం చెయ్యి. బరువంతా మడమ మీద వేసింది చూడండి. డాక్టరుగారి ఇంట్లోవాళ్లే ఎవరో." చుట్టూ ఉన్నవాళ్లు ఔరా అన్నారు. పాతికేళ్ల అనుభవం ఊరికే పోతుందా. కానీ ఇరవై రెండేళ్లుగా ఏ చెయ్యి అందిస్తే మంచినీళ్లు తాగుతున్నాడో ఆ చేతిని మాత్రం పోల్చుకోలేకపోయాడు.

ఆ రోజు మిషను ఎత్తి చెయ్యి ఆనించేలోపే రంగు లేచిపోయింది. రెండుసార్లు అరిగిన పొర, మూడోసారికి మిగల్లేదు. నీలం మధ్య గోరంత బూడిదరంగు కనిపించింది. తలుపు మొత్తానికి కొత్తగా రంగు వేయించాల్సిందే. ఓనరు వచ్చి చూసి, కేకలు వేయలేదు. కేకలు వేసినా బాగుండేది.

"నీ చేతిలో పట్టు పోయినట్టుంది మేస్త్రీ" అన్నాడు, పదిమంది వింటుండగా.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి మేస్త్రి చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడ్డాడు. కంచం ముందు పెడితే పక్కకి తోసేశాడు. చాలాసేపు బతిమాలితే చెప్పాడు. చెబుతూ చెబుతూ తిట్లకి దిగాడు.

"ఎవత్తో మహాతల్లి. క్రీము పూసుకుని ఊరి మీద పడటం, కనిపించిన బండినల్లా తడమటం. ఆ చేతులు ఇంట్లో పెట్టుకుని ఊరుకోవచ్చుగా. ఇరవై ఆరేళ్ల పేరు. ఒక్క పూటలో గంగపాలు చేసింది."

"ఏ తలుపండీ?" అంది ఆమె.

"వెనకది. ఎడం వైపు."

"ఎక్కడ?"

"హ్యాండిలుకి జానెడు పైన. తలుపు పట్టుకుని లోపలికి వంగినట్టు పడింది. ఏం, చెబితే తుడుస్తావా?"

ఆమె తన ఎడం చేతిని ఒకసారి చూసుకుని ఒళ్లో పెట్టుకుంది.

చెప్పేయొచ్చుగా అంటారు మీరు. నేనూ అదే అంటాను. ఆ ఒక్క మాట నోటి దాకా వచ్చిందట, రేపు చెబుదాంలే అనుకుందట. మర్నాడు పొద్దున మేస్త్రి ఒక తెల్లట్టా, నల్లదీ ఎర్రదీ రెండు రంగు పెన్నులూ తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"నీ రాత గుండ్రంగా ఉంటుంది, నువ్వు రాయి" అన్నాడు. "క్రీము రాసుకున్న చేతులతో బండిని ముట్టుకోరాదు. ఎర్రగీత కొట్టు కింద."

ఆమె రాసింది. ఎర్రగీత కూడా స్కేలు పెట్టి తిన్నగా కొట్టింది. మేస్త్రి దాన్ని తీసుకెళ్లి అందరికీ కనపడేలా షెడ్డు గుమ్మంలో తగిలించాడు.

ముందు ఆమె రబ్బరు తొడుగులు తెచ్చుకుంది. తొడుగులతో వేళ్లకి గుడ్డ అంచు తెలియలేదు, కవరు సందులోకి పోలేదు. తరవాత సబ్బుతో చేతులు కడుక్కుని చూసింది, అసలు చేతులకి రాసుకోవడమే మానేసింది. కానీ చెమట పడితే ముఖం తుడుచుకోకుండా ఎవరుంటారు? ముఖం మీది క్రీము చేతికొచ్చేది. అందుకని షెడ్డుకెళ్లే రోజుల్లో ముఖానికీ మానేసింది. మేస్త్రి పొద్దున్నే మెడ వెనక రాస్తానంటే, నేనే రాసుకున్నాలెండి, మీ చేతులు పాడవుతాయి అనేది. టోపీ ఉంది కదా, చొక్కా ఉంది కదా, ఐదేళ్లుగా ఏమీ కాలేదు కదా అని తనకి తనే సర్దిచెప్పుకుంది. ఇరవై నిమిషాల నడక, షెడ్డు ముందు బళ్లు కడిగిన తడినేల మీది నుంచి ముఖంలోకి కొట్టే ఎండ, వారానికి నాలుగు రోజులు. ఆ మనిషిని చూస్తే నాకు జాలీ కోపమూ ఒకేసారి వస్తాయి. ఇప్పటికీ ఏది ముందో తేల్చుకోలేను.

మరకలు ఆగిపోయాయి. వారం, రెండు వారాలు, నెల. మేస్త్రి నమ్మలేకపోయాడు. తరవాత నమ్మాడు. అదే సమయంలో అతనొక కొత్త మైనం వాడుతున్నాడు, పాత పద్ధతికి తన చిట్కా ఒకటి కలిపి రెండు పూతలు పూస్తున్నాడు. ఇదంతా దాని చలవేనని తేల్చేశాడు. ఓనరు కూడా భుజం తట్టి, చేతిలో పట్టు పోలేదు మేస్త్రీ, నేనే తొందరపడి అన్నాను అన్నాడు. ఆ రోజు మేస్త్రి కళ్లు నెత్తికెక్కాయి. ఇంటికొచ్చి అదే కథ నాలుగుసార్లు చెప్పాడు. ఆమె నాలుగుసార్లూ మొదటిసారి వింటున్నట్టే విన్నది.

మందుల షాపులో పనిచేసే మరదలు ఒక ఆదివారం భోజనానికి వచ్చింది. మేస్త్రి ఐదోసారి మొదలుపెట్టాడు.

"నా మైనం ముందు క్రీము పప్పులు ఉడకవు. రెండు నెలలైంది, ఒక్క మరక వస్తే ఒట్టు."

"ఆ మైనం బళ్లకే పూశావా బావా, చెవులకి కూడా పూసుకున్నావా? ఇందాకటి నుంచి పిలుస్తుంటే వినపడదేం?" అంది మరదలు. తరవాత అక్కని చూసి, నవ్వు తగ్గించి అంది: "అవునక్కా, నువ్వు ట్యూబు పట్టుకెళ్లి రెండు నెలలైంది. నెలకి మూడు తీసుకెళ్లేదానివి. వేరే షాపుకి పోతున్నావా?"

"పాతవి ఉన్నాయిలే."

"ముఖం ఎర్రగా ఉందేం?"

"పొయ్యి దగ్గర నిలబడ్డాను కదే" అంది ఆమె.

"మీ అక్క పొదుపరి" అన్నాడు మేస్త్రి. "నా చేతికిస్తే ట్యూబు వారానికి అవగొడతాను." అని మళ్లీ మైనం కథలోకి వెళ్లిపోయాడు. మరదలు ఇంకేదో అడగబోయింది గానీ అక్క లేచి కంచాలు తీయడం మొదలుపెట్టింది. ఆ పూట అలా జారిపోయింది.

నాలుగు వారాల తరవాత ఒక పొద్దున ఆమెకి కాళ్లు చెప్పుల్లో పట్టలేదు. పాదాలు పొంగిపోయాయి. కళ్ల కింద నీరు చేరింది. రెండు రోజులుగా జ్వరం ఉందని, మూత్రం నురగగా వస్తోందని అప్పుడు చెప్పింది. మేస్త్రి ఆమెను ఆటోలో కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. రక్తం తీశారు, మూత్రం తీశారు, మర్నాడు పొట్ట స్కాను చేశారు. డాక్టరు కాగితాలన్నీ చూసి, క్రీము సరిగా రాసుకుంటున్నారా అని అడిగాడు.

"రాసుకుంటుంది డాక్టరుగారూ" అన్నాడు మేస్త్రి, గట్టిగా. "ఒక్క పూట మానదు. ఆ విషయంలో మీరు వంక పెట్టడానికి లేదు."

డాక్టరు ఆమె వైపు చూశాడు. ఆమె దుప్పటి అంచు చూస్తూ అంది: "షెడ్డుకెళ్లే రోజుల్లో రాసుకోవడం లేదండీ. మూడు నెలల నుంచి."

"ఎందుకమ్మా?"

"మరకలు పడుతున్నాయి."

డాక్టరుకి అర్థం కాలేదు. ఒంటి మీద మరకలనుకుని, అలెర్జీ వస్తే వేరే క్రీము రాసిచ్చేవాణ్ని కదా అని మందలించాడు. మేస్త్రికి అర్థమైంది. జానెడు పైన, ఎడం చెయ్యి, బరువంతా మడమ మీద. తలుపు పట్టుకుని లోపలికి వంగినట్టు. మంచం పట్టీ పట్టుకున్నాడు.

బయటికి పిలిచి డాక్టరు చెప్పాడు. కిడ్నీలు సగానికి పైగా దెబ్బతిన్నాయి. గట్టి మందులు మొదలుపెడదాం, మిగిలినదాన్ని కాపాడుకుందాం.

"పోయినదాన్ని మెల్లగా బాగుచెయ్యొచ్చా అండీ?" అన్నాడు మేస్త్రి. "ఎన్నాళ్లైనా సరే. నాకు ఓపికుంది. ఏం చెయ్యాలో చెప్పండి, ఎలా చెబితే అలా చేస్తాను."

"ఓపికతో అయ్యే పని కాదండీ" అన్నాడు డాక్టరు. "పోయింది రాదు."

అంతవరకూ ఏ పాడైన వస్తువు ముందూ మేస్త్రి చేతులెత్తేసి ఎరగడు. అక్కడ వరండాలో నిలబడి తన చేతులు తనే చూసుకున్నాడు. వాటితో చేయడానికి ఏమీ లేదు.

లోపలికొచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"నాకు చెప్పొచ్చుగా."

"చెబుదామనే అనుకున్నానండీ. మీరు అట్ట తెచ్చి రాయమన్నారు. రాసేటప్పుడు చెబుదామనుకున్నాను. అప్పటికే ఆ చేతిని అన్ని తిట్లు తిట్టి ఉన్నారు."

"నీ చెయ్యని తెలిస్తే తిడతానుటోయ్?"

"తిట్టరు. అందుకే చెప్పలేదు. తెలిస్తే ఒక్క మాట అనకుండా తుడుచుకుంటారు. మళ్లీ రంగు లేస్తుంది. మళ్లీ ఓనరు పదిమందిలో అంటాడు."

"షెడ్డుకి రావడం మానేస్తే పోయేది కదా."

"మధ్యాహ్నం మీతో కూర్చుని తినడం పోతుంది కదండీ" అంది.

మేస్త్రికి ఏడుపొచ్చింది. ఏడ్చాడు. ఆమె ఓదార్చింది. ఓదార్చాల్సింది ఎవరు, ఓదార్చింది ఎవరు అని తరవాత మరదలితో చెప్పి మళ్లీ ఏడ్చాడు. మరదలు బావని ఆటపట్టించడం ఆ రోజుతో మానేసింది. తను ఆ ఆదివారం గట్టిగా అడగాల్సిందని ఆమె బాధ ఆమెది.

మర్నాడు అతను షెడ్డుకి వెళ్లి గుమ్మంలోని అట్టను పీకి నాలుగు ముక్కలు చేశాడు. రెండు రోజులకి ఓనరు దానికన్నా పెద్దది రంగుల్లో అచ్చు వేయించి తగిలించాడు. మంచి ఆలోచన మేస్త్రీ నీది, మరకలు ఆగిపోయాయి కదా అన్నాడు. మేస్త్రి దాని కింది నుంచే రోజూ లోపలికి పోవాల్సి వచ్చింది.

పదకొండు రోజులకి ఆమెను ఇంటికి పంపారు. వారానికోసారి రావాలి, ఉప్పు మానాలి, కుట్టుపని వద్దు, నీళ్లు కూడా కొలిచి తాగాలి. ఓనరు మనసున్నవాడే, తన సొంత కారు ఇచ్చి పంపాడు. నల్ల కారు. మేస్త్రే కిందటి వారం దానికి పాలిష్ పెట్టాడు, ఆసుపత్రి గోడ అందులో ఇటుక ఇటుకగా కనిపిస్తోంది.

బయట ఎండ మండిపోతోంది. గుమ్మంలోనే మరదలు అక్కను ఆపి ముఖానికి, మెడకు, చెవుల వెనక, మోచేతుల దాకా క్రీము దట్టంగా పట్టించింది. మేస్త్రి సంచులు డిక్కీలో పెట్టి వచ్చేసరికి ఆమె వెనక తలుపు ముందు నిలబడి ఉంది. చెయ్యి చాపింది గానీ తలుపును తాకలేదు.

"పట్టుకోవోయ్. ఏమీ కాదు" అన్నాడు.

"నల్ల బండండీ."

"నల్లదైతేనేం. నేను తుడుచుకుంటాను."

"మళ్లీ మీరే రుద్దాలి" అంది ఆమె.

"రుద్దుతాను. రోజంతా రుద్దుతాను. నీకు దణ్ణం పెడతాను, పట్టుకో."

అతను ఆమె మణికట్టు పట్టుకుని చేతిని తలుపు మీదికి తీసుకెళ్లబోయాడు. ఆమె మెల్లగా విడిపించుకుంది. కోపంతో కాదు, అలవాటుగా. చొక్కా చేతిని వేళ్ల మీదికి లాక్కుని, ఆ గుడ్డతోనే హ్యాండిలు పట్టుకుని తలుపు తెరుచుకుని ఎక్కింది. మేస్త్రి ముందు సీట్లో కూర్చుని అద్దంలో చూశాడు. ఆమె రెండు చేతులూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, సీటుకీ తలుపుకీ దేనికీ తగలకుండా పట్టుకుంది. మలుపుల్లో ఒళ్లు అటూ ఇటూ ఊగుతున్నా దేన్నీ ఆసరా పట్టుకోలేదు. ఇల్లు చేరేదాకా అలాగే కూర్చుంది.